పిన్ని ఆఖరి మాట

వాడికి ఉరిశిక్ష పడిన రోజు మా వాళ్ళు రతన్‌పూర్ వెళ్ళి అమ్మవారికి కొబ్బరికాయలు కొట్టి వచ్చారు. మొక్కుకున్నారట. నన్నూ రమ్మన్నారు. డ్యూటీ ఉందని అబద్ధం చెప్పాను. కోర్టు నుంచి వచ్చి ఇంట్లోనే ఉన్నాను గానీ కాలు ఒకచోట నిలవలేదు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. తుడిచిన గచ్చే మళ్ళీ తుడిచాను. మా ఆయన లోకో పైలట్, బండి దిగి వచ్చి పడుకున్నాడు. నా గిన్నెల చప్పుడుకి లేచి కూర్చుని, "అచ్ఛా, శిక్ష పడిపోయింది కదా, ఇంకేటి నీకు?" అన్నాడు. ఏమిటో నాకు తెలిస్తే కదా చెప్పడానికి!

నన్ను పెంచింది మా పిన్ని. ఆవిడకి పిల్లల్లేరు, నాకు అమ్మ లేదు, అలా సరిపోయింది. బాబాయి రైల్వేలో రిటైరయ్యాక ఇక్కడే మంగ్లాలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఒక మధ్యాహ్నం ఆ ఇంట్లోనే ఇద్దర్నీ చంపేశాడు. ఎవడో దారినపోయే దొంగ కాదు. ఈ హిందీ ఊళ్ళో మా రైల్వే కాలనీలోనే, మా వెనక లైను క్వార్టర్‌లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. పిన్ని చేతి అన్నం తిన్నవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. పిన్ని గొలుసూ గాజులూ వాడి దగ్గరే దొరికాయి. కోర్టులో కూడా తనే చేశానని ఒప్పుకున్నాడు. వాడి మీద నాకు జాలి కలగాలని ఎవరైనా చెప్పి ఉంటే, ముందు వాళ్ళ నోరు మూయించేదాన్ని.

కానీ ఒక్క సంగతి నన్ను తినేస్తూ వచ్చింది. పిన్ని ఆఖరికి ఏమంది? నోరు మూసుకుని పోయే మనిషి కాదు ఆవిడ. నిద్రలో కూడా మాట్లాడేది. వాడు గడప దాటి లోపలికొస్తే, రారా కూర్చో అనే ఉంటుంది. తర్వాత? వాణ్ణి బతిమాలిందా, తిట్టిందా, నన్ను పిలిచిందా? రిజర్వేషన్ కౌంటర్‌లో కూర్చుని టికెట్లు కొడుతున్నా నా బుర్రలో అదే తిరిగేది. ఊరి పేరు ఒకటి చెబితే ఇంకోటి కొట్టి జనం చేత తిట్లు తిన్నాను. శిక్ష చదివిన రోజు పొద్దున కోర్టు వరండాలో వాడు నన్ను చూసి ఆగాడు. "అక్కా, పిన్ని…" అన్నాడు. పోలీసులు లాక్కుపోయారు. అంతే. ఆ మిగతా మాట వాడి నోట్లోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం నేను వంట చేశాను. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి పట్టుకెళతారు. కాలనీలో ఎవరింట్లో పోయినా మా తెలుగువాళ్ళం అందరం అలాగే చేస్తాం. పిన్నీ బాబాయీ పోయినప్పుడు మాకు మొట్టమొదట అన్నం తెచ్చింది వాడి తల్లే. కొడుకు చేసిన పని అప్పటికి ఆవిడకీ తెలియదు, మాకూ తెలియదు. తెలిశాక మా మామయ్య ఆ ఇంటి కూడు తిన్నామని తలంటుకుని ఇల్లంతా పసుపునీళ్ళు చల్లించాడు. నేను మాత్రం ఆ అన్నం తినే ఆ మూడు రోజులూ నిలబడ్డాను. అది నేను కాదనలేను.

వాడి తల్లి ఇప్పుడు కాలనీ అవతల ఒక అద్దె గదిలో ఉంటోంది. భర్త ఎప్పుడో పోయాడు. క్యారేజీ పట్టుకుని వెళుతుంటే దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. నీకేం పట్టిందే అని నన్ను నేనే తిట్టుకున్నాను. జాలి అనుకుందామంటే లోపల కోపం సలసలా మరుగుతూనే ఉంది. తలుపు కొట్టాను. ఆవిడ తీసింది. మొహం పీక్కుపోయి ఉంది. క్యారేజీ చేతికిచ్చాను. మూత తీసి పప్పు చూసింది. చాలాసేపు చూసింది.

"తాలింపు ఎయ్యలేదేటమ్మా?" అంది.

అప్పుడు గాని నాకు తట్టలేదు. చావింటికి పట్టుకెళ్ళే పప్పుకి మేం తాలింపు వెయ్యం. నా చేతులు వాటంతట అవే ఆ వంట వండేశాయి.

"సావింటి కూడు తెచ్చినావు. నా కొడుకు బతికే ఉన్నాడు కదమ్మా."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గు వేస్తే నాకు ముందు కోపం వస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే. "మా వాళ్ళు బతికి లేరు కదా పెద్దమ్మా," అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ మూత పెట్టి, క్యారేజీ పక్కన పెట్టి, గోడకి జేరబడింది.

తర్వాత తనే చెప్పుకొచ్చింది. అరెస్టయినప్పటినుంచీ కొడుకు ఆవిడకి మొహం చూపించలేదట. జైల్లో మనిషిని చూడ్డానికి ములాఖాత్ వారానికి ఒక్కసారే ఇస్తారు. ప్రతి వారం వెళుతుంది, లోపలికి పేరు పంపిస్తుంది, రానన్నాడని చెబితే తిరిగొచ్చేస్తుంది. తల్లి మొహం చూడలేనన్నాడట. అయితే లోపల నా పేరే తలుస్తున్నాడని జవాను ఎవరో చెప్పాడు.

"నీతోటి ఏదో సెప్పాలంట ఆడికి. నీ పేరు ఎల్తే బయటికొస్తాడు. ఒక్కసారి రా తల్లీ. నాను ఆడి ముకం సూసుకుంటాను," అంది.

వస్తానన్నాను. ఆవిడ కోసం కాదు. ఆ మిగతా మాట కోసం. మా ఆయన వద్దే వద్దన్నాడు. మామయ్యకి తెలిస్తే కాలనీలో తల ఎత్తుకోలేమన్నాడు. ఎత్తుకోకపోతే దించుకునే తిరుగుదాం అన్నాను.

జైలు దగ్గర కిటికీ ముందు వరస. రోజూ కిటికీ లోపల కూర్చుని, తర్వాత, తర్వాత అని అరిచేదాన్ని, ఆ రోజు బయట నిలబడి అరిపించుకున్నాను. లోపలి మనిషి నా ఆధార్ చూసి, "రిష్తా?" అన్నాడు. ఏం చుట్టరికం చెప్పాలి? నేను నోరు తెరిచేలోగా ఆవిడ "బేటీ" అనేసింది. నేను వాళ్ళ కూతుర్నట! ఒళ్ళు మండిపోయింది. కాదని చెబితే లోపలికి వెళ్ళనివ్వరు, ఊరుకున్నాను. పిలుపు వచ్చేదాకా ఆవిడ నేలమీద కూర్చుంది. నేను ఆ గోడనించి ఈ గోడకి తిరుగుతూనే ఉన్నాను. అడగాల్సింది మనసులో వంద రకాలుగా తిప్పి తిప్పి అనుకున్నాను.

మధ్యలో ఇనుప జాలీ. ఇటు మేము, అటు వాళ్ళు. అందరూ ఒక్కసారే మాట్లాడతారు కాబట్టి అందరూ అరవాల్సిందే. వాడు వచ్చాడు. జుట్టు కురచగా కత్తిరించారు, చొక్కా వదులైపోయింది. తల్లి వైపు చూడలేదు. నా వైపే చూసి చేతులు జోడించాడు. నేను రెండు చేతులతో జాలీ పట్టుకున్నాను. చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది, చెప్పరా అని కాళ్ళ మీద పడాలనీ అనిపించింది. పక్కనించి ఆవిడ మునివేళ్ళ మీద లేచి, "తిన్నావా నాన్నా?" అంది. వాడు వినపడనట్టే ఉన్నాడు.

"అక్కా, ఆ రోజు పిన్ని నన్ను సూసి…" అని మొదలెట్టాడు.

తల్లి మాట ఆగిపోయింది. జాలీలో దూర్చిన వేళ్ళు అలాగే ఉంచి, చెవి ఇటు పెట్టింది. నేను ఆవిడ మొహం చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ఆ మాట నాకు మా పిన్ని మాట. ఆవిడకి మాత్రం, ఆ మాట విని కూడా కొడుకు చెయ్యి ఎత్తాడన్న సంగతి. ఒకసారి చెవినపడితే ఇక బతికినన్నాళ్ళూ ఆవిడ ముందు మా పిన్ని అలా నిలబడి అంటూనే ఉంటుంది. వాడు చేశాడని ఆవిడకి తెలుసు. ఎలా చేశాడో ఇంకా తెలియదు.

"వద్దు," అన్నాను.

వాడికి అర్థం కాలేదు. "నాను సెప్పాలక్కా. నీకు సెప్పకపోతే…"

"చెప్పొద్దన్నానా? నోరు ముయ్యి. ముందు మీ అమ్మ మొహం చూడు."

కౌంటర్‌లో అరిచినట్టే అరిచాను. పక్కవాళ్ళు కూడా మాటలాపి చూశారు. వాడు తల తిప్పి తల్లిని చూశాడు. అంత మనిషీ నోరు తెరుచుకుని ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే ఉన్న కాస్త సమయమూ పోతుందని కాబోలు, గబగబా అడిగింది. పన్ను నొప్పి తగ్గిందా, అన్నం మెత్తగా పెడుతున్నారా, దుప్పటి ఇచ్చారా. వాడు ఆవిడ మోకాళ్ళ గురించి అడిగాడు. నేను వెనక్కి వచ్చి గోడకి ఆనుకుని, నా మీద నాకే ఒళ్ళు మండుతుంటే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. గంట కొట్టేశారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ అడిగింది. "ఆడేటో సెప్పబోయినాడు. ఎందుకు ఆపీసినావమ్మా?"

ఏమీ లేదు పెద్దమ్మా, టైం లేదు కదా అన్నాను.

క్షమించేశావా అని మా ఆయన అడిగాడు. లేదన్నాను. నిజమే చెప్పాను. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి బిగుసుకుంటుంది. కానీ ఇప్పుడు వాడు ప్రతి వారం తల్లి కోసం బయటికి వస్తున్నాడు. ఆవిడ వచ్చి ఏం తిన్నాడో, ఏం మాట్లాడాడో నాకు చెబుతుంది. నేను వింటాను. ఆవిడ రావడం ఆలస్యమైతే నేనే వెళ్ళి అడుగుతాను.

కేసు హైకోర్టులో ఉంది. ఈ ఊళ్ళోనే, మా కాలనీ నుంచి ఆటోలో వెళ్ళొచ్చేంత దూరంలో. అక్కడ శిక్ష ఖాయమైతే పిన్ని ఆఖరి మాట వాడితోనే పోతుంది. ఆ మాట వినాలంటే ఆవిడ పక్కన లేకుండా నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళాలి. వెళితే ఆ వారం తల్లికి ములాఖాత్ ఉండదు. నీ వారం ఒకటి నాకివ్వు పెద్దమ్మా అంటే కాదనదు, ఇచ్చేస్తుంది. వాడికి ఎన్ని వారాలు ఉన్నాయో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. ప్రతి వారం అడుగుదామనే బయలుదేరతాను. ఆవిడ అప్పటికే జడ వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని, కొడుకు దగ్గరికి వెళ్ళడానికి గుమ్మంలో నిలబడి ఉంటుంది.