దక్షిణపు గోడ మీది జలపాతం

వర్క్ పర్మిట్ మీద బతికిన ఆ రోజుల్లో నాకు దేవుడి కంటే మేనేజర్ అంటేనే భయభక్తులు ఎక్కువ. కెనడాలోని కిచెనర్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. పర్మిట్ ఇంకా నాలుగు నెలలే ఉంది. పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, సరిపడా అనుభవం రావాలంటే ఆ నాలుగు నెలలూ ఉద్యోగం నిలవాలి. సరిగ్గా అప్పుడే లేఆఫ్‌లంటూ గుసగుసలు మొదలయ్యాయి. అందరూ రెజ్యూమెలు దిద్దుకుంటుంటే నేను మాత్రం వాస్తు దిద్దాను (నవ్వండి, ఫర్వాలేదు, నాకు అలవాటైపోయింది).

ఆ పుణ్యం మా టీమ్ లీడ్‌ది. గుంటూరు మనిషి, అన్నా అని పిలిచేవాణ్ణి. తన డబ్బాలోంచి నాకు ఓ ముద్ద పెట్టనిదే తినేవాడు కాదు. మేనేజరమ్మ గదిలో ఆవిడ తాతగారి నాటి పెద్ద పెయింటింగ్ ఒకటుండేది. నల్లటి బండలు, విరిగిన పైన్ చెట్లు, మీదికి దూకేటట్టున్న జలపాతం, అడుగున చీమంత మనిషి. ఆవిడ టొరంటో వెళ్లిన వారం, మంగళవారం నాడు, అన్న నన్ను కాఫీ మెషీన్ దగ్గరికి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

"దక్షిణం గోడకి నీళ్లేంట్రా? ఉద్యోగాలు కొట్టుకుపోక ఏమవుతాయి. ఉత్తరానికి మార్చెయ్యి. రేపే మార్చెయ్యి."

అంత ఆత్రం ఎందుకో నేను ఆలోచించలేదు. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందెళ్లి, ఫోన్‌లో దిక్కులు చూసుకుని, బూట్లు విప్పి మరీ (దైవకార్యం కదా) ఆ బొమ్మను ఉత్తరపు గోడకి తగిలించాను. కింద హీటర్ ఉందన్న సంగతి చూసుకోలేదు. బయట మైనస్ ఇరవై. శుక్రవారానికల్లా జలపాతం ఒళ్లంతా పొక్కులు లేచింది.

ఆవిడ తిరిగొచ్చి ఎవరి పనని అడిగితే అన్న కీబోర్డు మీంచి తల ఎత్తలేదు. నేనే లేచాను. ఆవిడ గదిలోకి పిలిచి ఉద్యోగం తీసేసిన కాగితం చేతిలో పెట్టింది. బొమ్మ బాగు చేయిస్తానన్నాను, బతిమాలాను, వాస్తు సంగతి కూడా నాకొచ్చిన ఇంగ్లీషులో విన్నవించాను. ఆవిడ జాలిగా చూసి, దీనికీ బొమ్మకీ సంబంధం లేదంది. తీసేసేవాళ్ల లిస్టు సోమవారమే పంపేశారట. టీమ్ నుంచి ఒక పేరు అడిగితే మీ లీడే ఇచ్చాడు అంది.

పర్మిట్ అయిపోయింది. మళ్లీ ఈ దేశంలో కాలు పెట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఆయన్ని నోరారా తిట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది, అదీ చేదుగానే. నా పేరు రాసిచ్చాక ఆయన మనసు పీకి ఉంటుంది. వెళ్లి వెనక్కి తీసుకునే ధైర్యం లేదు. నన్ను కాపాడడానికి ఆయనకి తోచిన దారి ఆ గోడ ఒక్కటే. అది కూడా నా చేతే చేయించాడు.