సీటు కోసం విసిరిన సర్టిఫికెట్లు

ప్రయాణంలో మా నాన్నగారి జాగ్రత్తంతా డబ్బు మీదే. నోట్లు జేబు బనీనులో, జేబుకి పిన్నీసు, పైన చొక్కా. రామచంద్రపురం బస్టాండు చేరేలోపు నాలుగుసార్లు తడిమి చూసుకున్నారు. నా టెన్త్ నుంచి బీఈడీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఆయన చేతిలో, రెగ్జిన్ బ్యాగులో ఊగుతున్నాయి. నేను టీచరు ఉద్యోగానికి సెలక్టయ్యాను. ఆ సాయంత్రంలోపు కాకినాడ ఆఫీసులో ఒరిజినల్స్ చూపించకపోతే పోస్టు నా తరవాతి వాళ్లకి పోతుంది.

"జిరాక్సులైనా నా దగ్గర పెట్టుకుంటానండి" అన్నాను ఇంటి దగ్గరే.

"అన్నీ ఒక్కచోట ఉంటేనే భద్రం. నీకేం తెలుసు?" అన్నారు. ఇరవై నాలుగేళ్లదాన్ని, నాకేం తెలుస్తుంది!

బస్సు రాగానే జనం ఎగబడ్డారు. కిటికీలోంచి తువ్వాలు వేస్తే సీటు మనదే, అది అందరూ ఒప్పుకున్న చట్టం. నాన్నగారు భుజమ్మీది కండువా వెయ్యలేదు. గుడ్డయితే పక్కకి లాగేసి కూర్చుంటారట, బ్యాగైతే ఎవరూ ముట్టుకోరట. నేను "నాన్నగారూ" అనేలోపే నా చదువంతా కిటికీలోంచి వెళ్లి సీటు మీద పడింది.

మేమింకా తలుపు దగ్గర తోసుకుంటుండగా కండక్టరు దిగాడు. "బ్రేకులు బాగోలేవండి, ఈ బండి వెళ్లదు. వెనకది ఎక్కండి."

అంతే, ఎవరి తువ్వాళ్లు వాళ్లు లాక్కుని పరిగెత్తారు. నాన్నగారూ పరిగెత్తారు, వెనక బస్సులో కండువా వెయ్యడానికి. ముందు సీటు, తరవాత నా బతుకు. నేను జనాన్ని తోసుకుని మొదటి బస్సు ఎక్కేసరికి సీటు ఖాళీగా ఉంది. సీట్ల కింద వెతికాను. మైకులో రెండుసార్లు చెప్పించాను. బ్యాగు ఎవరూ తేలేదు.

వెళ్లి ఆఫీసులో బతిమాలుకుందామన్నారు నాన్నగారు. ఆయన పట్టిన కిటికీ పక్క సీటు నాకే ఇచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒరిజినల్స్ ఏవమ్మా?" అని ఆఫీసరు అడిగారు. నేను నోరు తెరిచేలోపే నాన్నగారు చేతులు కట్టుకుని, "బస్టాండులో మా అమ్మాయి పారేసుకుందండి. చిన్నపిల్ల, జాగ్రత్త తెలీదు" అన్నారు.

అంతమందిలో తండ్రిని అబద్ధాలకోరని ఎలా అనను? తలవంచుకున్నాను. అలా వంచుకున్నందుకు నా మీద నాకిప్పటికీ కోపమే. పోస్టు పోయింది. డూప్లికేట్ల కోసం నెలల తరబడి తిరిగాను.

ఆ తరవాత మా చుట్టాల్లో ఎవరు ఊరెళ్తున్నా నాన్నగారిది ఒకటే మాట. "మా అమ్మాయిలా కాగితాలు పారేసుకోకండి." నేను అక్కడే కాఫీలు ఇస్తుంటాను. ఏళ్ల తరబడి విన్నాను. ఒకరోజు ఇక ఊరుకోలేకపోయాను. అందరూ వింటుండగానే, "నేను పారేసుకోలేదండి, మీరే విసిరారు" అన్నాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. తరవాత మెల్లగా, "కాకినాడ దాకా నువ్వు నిలబడలేవని విసిరానమ్మా" అన్నారు.

అంటే, ఇన్నేళ్లూ ఆయనకి గుర్తుంది.