సెల్లార్ గదికి వేడినీళ్లు

మదీనాగూడలో మేమున్న అపార్ట్‌మెంట్‌కి నేను సెక్రటరీగా ఉన్న ఏడాది, చలికాలం మొదట్లో పొగ గురించి ఫిర్యాదు వచ్చింది. ఐదో అంతస్తులో ఉండే ఒక ఇల్లాలు ఫోన్ చేసింది. వాళ్ల పాపకి ఆయాసం. తెల్లవారగానే డాబా మీద నుంచి పొగ దిగి పడగ్గదిలోకి వస్తోందనీ, కిటికీ మూసినా వాసన పోవడం లేదనీ చెప్పింది. గొంతు పెంచలేదు. "మీరొకసారి పైకెళ్లి చూడండి, చాలు" అంది.

పొగ ఎక్కడిదో బిల్డింగులో అందరికీ తెలుసు. అపార్ట్‌మెంట్ కట్టిన స్థలం ఒక పెద్దావిడది. ఆ చుట్టుపక్కలంతా పొలాలుగా ఉన్న రోజుల్లో వాళ్ల ఇల్లు అక్కడే ఉండేదట. బిల్డర్‌కి స్థలం ఇచ్చినందుకు వాళ్ల వాటాకి కొన్ని ఫ్లాట్లు వచ్చాయి. కొడుకు, కోడలితో ఆవిడ ఐదో అంతస్తులోనే ఇంకో వైపు ఉండేది. పాత ఇల్లు కూలగొట్టేటప్పుడు ఆవిడ పట్టుబట్టి తెచ్చుకున్నది రాగి బాయిలరు ఒక్కటేనని కోడలు నాతో అంది. నడుమ గొట్టంలో కట్టెపుల్లలు వేస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. దాన్ని డాబా మీద ట్యాంకు పక్కన పెట్టుకుంది. అంతకుముందు పండక్కో పబ్బానికో వెలిగించేది. ఆ ఏడాది రోజూ వెలిగించడం మొదలుపెట్టింది.

రాయదుర్గంలో ఆఫీసుకి బయల్దేరే ముందు నేను డాబా ఎక్కాను. ఆవిడ శాలువా కప్పుకుని గొట్టంలోకి పుల్లలు తోస్తోంది.

"పెద్దమ్మా, ఇంట్లో గీజర్ లేదా?" అని అడిగాను.

"ఉన్నది బిడ్డా. సగం బకిట నిండకముందే సల్లనీళ్లొస్తయి. ఉండి ఏం ఫాయిద?"

"బాగు చేయిస్తే ఇది మానేస్తారా? కింద పాపకి పొగ పడటం లేదు."

ఆవిడ పుల్లలు తోయడం ఆపింది. "నాకెవ్వరు చెప్పలే" అంది. మానేస్తానని మాత్రం అనలేదు.

మర్నాడు మెకానిక్‌ని పంపాను, నేనూ వెళ్లాను. గీజర్ విప్పితే లోపల కాయిల్ తెల్లగా, ముద్దగా ఉంది. మాది బోరునీళ్లు. ఉప్పు పేరుకుని పెచ్చులు కట్టి, నీళ్లకి వేడి తగలడం లేదు. అతను పెచ్చులన్నీ గీకి తీసి, కొత్త కాయిల్ వేశాడు. పెద్దావిడ ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇన్నొద్దులు గీ సున్నమేనా మేం నెత్తిమీద పోస్కున్నది" అంది.

పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆ తర్వాతి రోజు కూడా పొగ వచ్చింది. పాప తల్లి మళ్లీ ఫోన్ చేసింది.

ఈసారి ఇంకా పెందలాడే పైకి వెళ్లాను. బాయిలరు దగ్గర ఆవిడ లేదు. మా వాచ్‌మన్ రెండు బకెట్లలో వేడినీళ్లు పట్టి, పైన తువ్వాళ్లు కప్పుతున్నాడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన మనిషి, మాట తక్కువ. ఎవరికని అడిగితే "కిందికి మేడం" అని ఊరుకున్నాడు. లిఫ్టులో నీళ్లు మోయకూడదని మేమే నోటీసు అంటించాం కాబట్టి మెట్ల మీదుగా దిగాడు. నేనూ వెనకాలే దిగాను.

సెల్లార్‌లో మోటారు గది పక్కన వాళ్లుండే గది. అతని భార్య నెలలు నిండిన మనిషని నాకు తెలుసు. కాన్పుకి పుట్టింటికి వెళ్లి ఉంటుందనుకున్నాను. వెళ్లలేదు. ఆ అమ్మాయికి తల్లి లేదట. సర్కారు దవాఖానలో ఆడపిల్లని కని, తిన్నగా ఆ గదికే వచ్చింది. ర్యాంపు మీదుగా చలిగాలి నేరుగా ఆ తలుపుకే కొడుతుంది. లోపల పెద్దావిడ నేల మీద కాళ్లు చాపుకుని, వాటి మీద పసిదాన్ని బోర్లా పడుకోబెట్టుకుని నలుగు పెడుతోంది. బాలింత గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"వచ్చినవా" అంది పెద్దావిడ, నేను వస్తానని ముందే తెలిసినట్టు. "జర గా తువాల అందియ్యి."

అందించాను. ఆవిడ పిల్లకి నీళ్లు పోసి, తుడిచి, చుట్టి తల్లి ఒళ్లో పెట్టింది. తర్వాత అన్నాను, "నాకు చెప్పాల్సింది పెద్దమ్మా."

"చెప్తే ఏం జేస్తవ్? మీటింగ్ వెడ్తవ్. మీటింగ్ అయ్యేదాంక పిల్లకు సల్లనీళ్లు పొయ్యాల్నా?"

"మీ గీజర్ బాగైంది కదా."

"బాలింతకు, పిల్లకు గా నీళ్లు యాడ సాల్తయి? కొడుకు, కోడలు ఆఫీసులకు ఉరుకుతరు. ఆల్ల స్నానాలకే లైను."

ఆవిడ అన్నట్టుగానే మీటింగు పెట్టాను. ఆదివారం పొద్దున పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేసింది వాచ్‌మనే. వేసి గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. సెల్లార్ గదికి గీజర్ పెడదామని నేను అనగానే, మొదటి అంతస్తులో ఉండే రిటైరైన పెద్దమనిషి అభ్యంతరం చెప్పాడు. "పెట్టడం పెద్ద విషయం కాదండి. కామన్ కరెంటు మీద ఒకళ్లకిస్తే రేపు ఇంకొకళ్లు అడుగుతారండి." ఇంకెవరో బిల్డింగు మొత్తానికి సోలార్ పెట్టిద్దామన్నారు. మాట అటు మళ్లింది. డాబా ఎవరిది, ప్యానెళ్లు ఎటు తిప్పాలి అని చాలాసేపు నడిచింది. పెద్దావిడ కొడుకు తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

అప్పుడు పాప తల్లి మాట్లాడింది. "నాకు పొగ ఆగాలండి. అది ఆగాలంటే కింద గీజర్ ఉండాలి. ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముంది?"

అభ్యంతరాలు అక్కడితో ఆగాయి. ఒప్పుకున్నట్టేనని రాసుకున్నాను.

తీరా మెకానిక్ వచ్చి చూస్తే ఆ గదికున్నది ఒక లైటు, ఒక ఫ్యాను మాత్రమే. సన్నటి వైరు. దాని మీద గీజర్ పెడితే కాలిపోతుందన్నాడు. మీటరు బోర్డు నుంచి విడిగా లైను లాగి, ఎర్తింగు ఇవ్వాల్సి వచ్చింది. దానికి వారం పట్టింది. ఆ వారం డాబా మీద బాయిలరు వెలుగుతూనే ఉంది. పాప తల్లి పాపని ముందుగదిలో పడుకోబెట్టిందట. లిఫ్టులో కలిసినప్పుడు "ఇంకెన్ని రోజులు పడుతుందండి?" అని మాత్రం అడిగింది.

గీజర్ బిగించే రోజు పెద్దావిడ కిందికి దిగి కుర్చీ వేయించుకుని కూర్చుంది. స్నానాల గది లోపల స్విచ్ పెట్టబోతే ఒప్పుకోలేదు.

"తడి చేతుల్తోని ముట్టుకుంటది. బయట వెట్టు" అంది.

మెకానిక్ తీసి బయట బిగించాడు. నీళ్లు వేడెక్కాక ఆవిడ నల్లా కింద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. "మంచిగనే ఉన్నయి" అంది చివరికి.

వాచ్‌మన్ భార్య నెమ్మదిగా అంది, "అవ్వా, రేపటిసంది నేనే పోసుకుంట. నువ్వు ఇంత దూరం దిగకు."

"లిఫ్టున్నది గద" అంది పెద్దావిడ.

డాబా మీద పొగ ఆగిపోయింది. ఆవిడ మాత్రం రోజూ పొద్దున నూనె గిన్నె చేత్తో పట్టుకుని లిఫ్టులో కిందికి దిగేది. పిల్లకి మూడో నెల దాటేదాకా దిగింది. పాప తల్లి కూడా ఒకరోజు తన కూతురి చిన్నప్పటి స్వెటర్లు ఒక సంచిలో పెట్టి ఆ గదిలో ఇచ్చి వచ్చిందని తర్వాత తెలిసింది.

ఎండలు ముదిరేసరికి నా పని మారింది. ఎవరి ఏసీ నీళ్లు ఎవరి బట్టల మీద కారుతున్నాయి, ఎవరి యూనిట్ వేడిగాలి ఎవరి వంటింట్లోకి కొడుతోంది అన్నవే ఫిర్యాదులు. ఆ రోజుల్లోనే వాచ్‌మన్ కుటుంబం చందానగర్‌లో వేరే అపార్ట్‌మెంట్‌కి మారింది. అక్కడ గది పెద్దదని చెప్పాడు. వెళ్లే ముందు పెద్దావిడ దగ్గరికి వస్తే నేనూ అక్కడే ఉన్నాను.

"నీళ్లు కాగవెట్టనీకి ఏమన్న ఉన్నదా ఆడ?" అని అడిగింది.

"ఉన్నదంట అవ్వా."

"ఉన్నదంటనా? నువ్వు సూసినవా?"

అతను చూడలేదు. మర్నాడు వెళ్లి చూసి వచ్చి, గీజర్ ఉంది, నడుస్తోంది అని చెప్పాక ఆవిడ సరేనంది.

కొన్నాళ్ల తర్వాత కోడల్ని వెంటబెట్టుకుని ఆటోలో చందానగర్ వెళ్లి చూసి వచ్చింది. ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ గేటు దగ్గర కనిపిస్తే పిల్ల ఎలా ఉందని అడిగాను.

"మంచిగున్నది. కూసుంటున్నది" అంది.