ఆ అర్జీ నేనే రాశాను

పెనుకొండ దగ్గరి ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. రోజూ హిందూపురం నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. అక్కడ నా క్లాసులో కూర్చున్న ఒక అమ్మాయి గురించి చెప్పాలి. చెప్పినందువల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు. అయినా చెప్పకుండా ఉండలేను.

ఆ అమ్మాయిది ఎర్రమంచి దాటాక వచ్చే చిన్న ఊరు. అమ్మానాయన బెంగళూరుకు బిల్డింగు పనులకు పోతే అవ్వే సాకింది. పుట్టినప్పటినుంచీ చెవులు సరిగా వినపడవు. గట్టిగా అరిస్తే ఏదో శబ్దమని తెలిసేది గానీ మాట తెలిసేది కాదు. తనూ మాట్లాడేది, కాకపోతే ఇంట్లోవాళ్లకు తప్ప మరొకరికి అర్థమయ్యేది కాదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట గుర్తుపట్టేది. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆరో తరగతిలో చేరినరోజు ‘మూగపాప’ అని రిజిస్టరులో పెన్సిల్‌తో రాసుకుని చివరి బెంచీలో కూర్చోబెట్టాం. అల్లరి చేయదు కాబట్టి మంచి పిల్ల అన్నాం. బోర్డు మీదున్నదంతా అక్షరం పొల్లుపోకుండా దించుకునేది. నోట్సు దిద్దుతూ ‘గుడ్’ అని రాసేదాన్ని. రెండేళ్లు అలాగే గడిచాయి. ఆ రెండేళ్లూ నేను బోర్డు వైపు తిరిగి రాస్తూ, రాస్తూనే చెబుతూ పోయాను. పాఠం చెప్పినంతసేపూ ఆ పిల్లకు నా వీపు తప్ప మరేమీ కనపడలేదని నాకు తట్టనేలేదు.

తట్టింది ధర్మవరంలో. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు మామూలు క్లాసులోనే అందరితో కలిసి చదువుకోవాలంటే టీచర్లు ఏం చేయాలో మూడు రోజులు శిక్షణ వేశారు. నేను ఇష్టపడి వెళ్లలేదు. సీనియర్లంతా తలా ఒక సాకు చెప్పి తప్పించుకుంటే నాకు పడింది. రెండోరోజు మధ్యాహ్నం శిక్షణ ఇచ్చే టీచరమ్మ మా అందరికీ దూది పంచి చెవుల్లో పెట్టుకోమంది. పైన అరచేతులతో మూసుకోమంది. బోర్డు వైపు తిరిగి పది నిమిషాలు ఏదో పాఠం చెప్పింది. తర్వాత ఐదు ప్రశ్నలిచ్చి జవాబులు రాయమంది. నాకు ఒక్కటీ రాలేదు. పక్కన కూర్చున్న సారు తన కాగితం చూపించి, “నాదీ సున్నే మేడమ్” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తిరిగి వెళ్లాక నేను మార్చినవి చాలా చిన్నవి. ఆ పిల్లను రెండో వరసలోకి తెచ్చాను. కిటికీ వెలుతురు నా ముఖం మీద పడేలా నిలబడటం నేర్చుకున్నాను. రాసేటప్పుడు నోరు మూసుకుని, రాయడం అయ్యాక పిల్లల వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాను. పక్కన కూర్చునే అమ్మాయి పుస్తకంలో ఏ వరస నడుస్తోందో వేలితో చూపించేది. అంతే. దీనికి స్టాఫ్‌రూములో, “ఏం మేడమ్, ఒక్కదానికోసం నలభైమందికి డాన్సు చేస్తాండారంట?” అని ఒక సారు ఎగతాళి చేశాడు.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు బోర్డు మీద లెక్క చేస్తూ ప్లస్ రాయాల్సిన చోట మైనస్ రాశాను. క్లాసంతా అలాగే ఎక్కించుకుంటోంది. ఆ పిల్ల లేచి నేరుగా బోర్డు దగ్గరికి వచ్చింది. నా మైనస్‌ను వేలితో చెరిపి, నా చేతిలోని చాక్‌పీసు తీసుకుని ప్లస్ గీసింది. నా ముఖంలోకి చూసి, “తప్పు” అంది. ఆమె నోటినుంచి నాకు స్పష్టంగా అర్థమైన మొదటి మాట అది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం బస్సులో నాకు సీటు దొరక్కపోయినా హిందూపురం దాకా నిలబడి సంతోషంగా వచ్చాను.

పదో తరగతి మొదలయ్యాక ఒకనాడు హెడ్మాస్టరు వరండాలో నన్ను ఆపాడు. ఎదురుగా పదో తరగతి గది, కిటికీలు తెరిచే ఉన్నాయి.

“మేడమ్, ఆ పిల్లను ఏం చేద్దాం?”

“ఏం చేయడమేంటి సార్? లెక్కల్లో బాగానే ఉంది.”

“లెక్కలొకటే కాదు గదమ్మా. తెలుగు, సోషల్ ఎట్ల? ఒక్కరు తప్పినా నూటికి నూరు పోతుంది. పోయినేడు ఒక్కడివల్ల పోయింది. మీటింగులో అందరి ముందర నన్ను నిలబెట్టి అడిగినారు.”

“వినపడని పిల్లలకు మినహాయింపులున్నాయి కదా సార్. వికలాంగుల సర్టిఫికెట్ పెడితే…”

“దాని గడువు అయిపోయింది. మళ్లా డాక్టర్ల క్యాంపు యాడ పెడతారో, ఎప్పుడు పెడతారో! పేర్లు ఈ వారంలో పంపాల. ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టిద్దాం, నిదానంగా రాసుకుంటుంది. అవ్వ దగ్గర ఒక అర్జీ తీసుకోండి. మీ మాటైతే వింటుంది.”

రాబోయే వేసవిలో బదిలీలు ఉంటాయని అనుకుంటున్నారు. నాకు హిందూపురం కావాలి. హెడ్మాస్టరుతో చెడగొట్టుకోవడం ఇష్టం లేదు. పిల్లకూ ఒత్తిడి తగ్గుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. “సరే సార్” అన్నాను.

మర్నాడు అవ్వ వచ్చింది. అర్జీ నేనే రాశాను. ‘నా మనవరాలికి చదువు సరిగా రానందునను, ఆరోగ్యం బాగులేనందునను బడి మాన్పించుకుంటున్నాను, టీసీ ఇప్పించగలరు’ అని నా గుండ్రటి అక్షరాలతో రాశాను. అవ్వకు చదువు రాదు. కాగితం వంక చూసి అడిగింది:

“ఏం రాసినావమ్మా ఇందులో?”

“పరీక్షకోసం అవ్వా. వేరేచోట రాస్తుంది.”

“పాసవుతాదా?”

“అవుతుంది.”

“నువ్వు రాసినావంటే మంచిదే అయ్యుంటాదిలే” అని బొటనవేలు నా ముందుకు చాపింది. నేనే పట్టుకుని ఇంకుప్యాడు మీద అద్ది, కాగితం మీద నొక్కాను.

ఓపెన్ స్కూల్లో ఎవరూ చేర్పించలేదు. బడి గుమాస్తా చూసుకుంటాడని హెడ్మాస్టరు అనుకున్నాడట. లెక్కల మేడమ్ చూసుకుంటుందని గుమాస్తా అనుకున్నాడట. వాళ్లెవరో చూసుకుంటారని నేను అనుకున్నాను. ఫలితాల్లో నూటికి నూరు వచ్చింది. పెనుకొండలో మీటింగు పెట్టి మా అందరికీ శాలువాలు కప్పారు. వేసవిలో నాకు హిందూపురం బదిలీ అయింది.

ఏడాదిన్నర తర్వాత ధర్మవరంలో మళ్లీ అదే శిక్షణ. ఈసారి నన్ను వచ్చి అనుభవం చెప్పమని పిలిచారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేసిన కథ ఎవరి నోటో వాళ్లదాకా వెళ్లిందట. వెళ్లాను. దూది సంగతి చెప్పాను, రెండో వరస సంగతి చెప్పాను, మైనస్‌ను ప్లస్ చేసిన సంగతి చెప్పాను. తొమ్మిదో తరగతి దగ్గర ఆపేశాను. హాలంతా చప్పట్లు. కనగానపల్లి వైపునుంచి వచ్చిన ఒక కుర్ర టీచరు లేచి, “ఆ పాప ఇప్పుడేం చదువుతాంది మేడమ్?” అని అడిగింది.

“ఇంటర్ సెకండియర్” అన్నాను.

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు. భోజనానికి ఆగకుండా బస్సెక్కాను.

ఆ ఆదివారం ఓపెన్ స్కూలు దరఖాస్తు తీసుకుని ఆ ఊరికి వెళ్లాను. అవ్వ వాకిట్లో చెనిక్కాయలు వొలుస్తోంది. నన్ను చూసి చాప పరిచింది.

“హిందూపురంలో గార్మెంట్సుకు పోతాందమ్మా. పొద్దున్నే వ్యాను వస్తాది. సూపర్వైజరు ఈ పిల్లను మెచ్చుకుంటాడంట. ఎవురితోనూ మాట్లాడదు, తలెత్తదు, ఇట్లాంటోళ్లు ఇంకెవురన్నా ఉంటే చెప్పమన్నాడంట.”

ఆమె పనిచేసే చోటు మా ఇంటికి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు.

“బడి మానినందుకు బాధపడిందా అవ్వా?”

“చదువు దానికి రాలేదు గదమ్మా. అట్లని నువ్వే గదా రాసిచ్చింది. ఆ టీసీలో రాసుండాదని ఆ పిల్లే చదివి చెప్పింది” అంది. గొంతులో కోపం లేదు. ఉన్నమాట అన్నట్టు చెప్పింది. కోప్పడి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

ఇంతలో ఆ అమ్మాయి ఉతికిన బట్టల తొట్టి నడుమున పెట్టుకుని వచ్చింది. పొడుగైంది. నేను లేచి ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పాను: “నీకు చదువు రాకపోవడం కాదు. నువ్వు పాసయ్యేదానివి. తప్పు నాది.”

తొట్టి కింద పెట్టింది. “తెలుసు” అంది.

ఆ తర్వాత చాలాసేపు ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు. అవ్వ వింటూ వింటూ చెనిక్కాయలు వొలవడం ఆపేసింది.

“ఆ పొద్దు వరండాలో సారూ నువ్వూ మాట్లాడతాంటే కిటికీలోనుంచి చూసిందంట. నూటికి నూరు పోతుందని సారు అన్నాడంట. సరే సార్ అని నువ్వు అన్నావంట.” నా వైపు చూసింది. “ఔనామ్మా?”

ఔనన్నాను.

“మరి నన్నెందుకు అడగలేదు?” అన్నాను ఆ అమ్మాయితో. అడగకూడని ప్రశ్న అది. ఆమె బట్టలు ఆరేయడానికి వెళ్లిపోయింది.

దరఖాస్తు మాత్రం తీసుకుంది. సర్టిఫికెట్ కోసం ఈసారి క్యాంపుకు నేనే వెంట తీసుకెళ్లాను. ఒక పూట పట్టింది. ఆ ఒక్క పూట ఆనాడు మాకెవరికీ లేకపోయింది.

ఆఖరి తేదీనాడు పెనుకొండలో ఓపెన్ స్కూలు సెంటర్లో దరఖాస్తు ఇచ్చాం. ‘చదువు మానిన కారణం’ అన్నచోట ఆమె, ‘మానలేదు. మాన్పించారు’ అని రాసింది. అక్కడున్న గుమాస్తా చదివి, “ఇట్ల రాస్తే కంప్యూటర్లో ఎక్కదమ్మా” అని అడ్డంగా కొట్టేసి ‘కుటుంబ కారణాలు’ అని రాశాడు. ఆమె నా వైపు చూసింది. ఇంకో దరఖాస్తు తెచ్చి నింపడానికి టైం లేదు. నేను రసీదు కోసం చెయ్యి చాపాను.

పరీక్షలు రాసింది. లెక్కలు, సైన్సు పాసైంది. తెలుగు, సోషల్ పోయాయి. మళ్లీ రాయమని చెప్పడానికి ఫోన్ చేస్తే అవ్వ ఎత్తింది.

“ఇప్పుడు ఆదివారాలు కూడా పని ఉండాదంటమ్మా. ఇంక దాన్ని ఇడిసిపెట్టు” అంది.

నేను మళ్లీ ఫోన్ చేయలేదు.