అమ్మ అనని మాట

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొదట్లో అది బరువనిపించలేదు. నిజం చెప్పాలంటే చాలాకాలం నాకు బలమిచ్చింది.

నేను కోయదాన్ని. గల్ఫ్‌లో, సబా అల్ సలేంలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తాను. శుక్రవారం మామా, అంటే ఇంటి యజమానురాలు, సెలవిస్తే ఫింటాస్‌లో తెలుగువాళ్ళ ప్రార్థన కూడికకి వెళ్తాను. మా సంఘ పెద్దకి ఇక్కడే నగరంలో, షర్క్‌లో ఆఫీసు ఉద్యోగం. కోనసీమ మనిషి. వాళ్ళ కుటుంబం మా ఏజెన్సీలో భూములు పట్టింది. నా చిన్నప్పుడు మా జీడిమామిడి తోట కాగితం మీద నాన్న బొటనవేలు పట్టుకుని నొక్కింది ఈయనే. ఆ రోజు దాహమంటే మమ్మల్ని వాళ్ళ అరుగు కింద నిలబెట్టి, దోసిళ్ళలో పైనుంచి నీళ్ళు పోశారు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేను పట్టాను.

ఒక శుక్రవారం పాస్టర్ గారు, ఆదివాసుల కోసం ప్రార్థనలు చేసింది చాలు, ఎవరి భూమి తీసుకున్నారో వాళ్ళనే క్షమాపణ అడగండి, తిరిగివ్వండి అన్నారు. ఆ పెద్దమనిషి అందరిముందూ లేచి ఏడ్చాడు. మా ఊరి పేరు చెప్పాడు. అప్పుడు నేనూ లేచి, ఆ తోట మాదేనన్నాను. నాన్న ఎప్పుడో పోయాడు, అమ్మ ఉంది. ఆమెకి తెలుగు అంతంతమాత్రం. తన భాషలోనే ఆమెని మాట్లాడనివ్వాలని సంఘం అనుకుంది. మంచి ఆలోచనే. కానీ అక్కడ కోయ మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఫోన్ స్పీకర్లో పెట్టారు. ఆయన మాటలు ఉన్నదున్నట్టు అమ్మకి చెప్పాను. అమ్మ తాపీగా అంది: "పోయినాయన పోయాడు. ఆ బాబుని మా ఇంటికొచ్చి నా చేత్తో ఇంత జావ తాగమను. నాకు కోపం లేదు."

"అమ్మగారు ఏమన్నారమ్మా?" అని అడిగాడాయన.

"గడప తొక్కొద్దంది. చచ్చేదాకా క్షమించనంది."

ఎందుకన్నాను? నాన్న కోసమా? నాన్న బతికుంటే ఆయనా జావే పోసేవాడేమో. ఆ పెద్దమనిషి మొహం మాడిపోతే చూడాలనిపించింది. చూశాను. కడుపు నిండింది.

క్షమాపణ దొరకనివాడు ప్రభు బల్లలో, అంటే రొట్టె ద్రాక్షరసంలో, చెయ్యి వేయకూడదని మా సంఘంలో పట్టింపు. అప్పటినుంచి రొట్టె పళ్ళెం వస్తే ఆయన తల దించుకుని పక్కవాళ్ళకి అందిస్తాడు. నేను మాత్రం తీసుకుంటాను. ఎన్ని శుక్రవారాలు ఆయన్నే చూస్తూ నమిలానో! మా అమ్మ ఉసురు తగిలిందిలే అనుకునేదాన్ని. అమ్మ శాపం పెట్టనే లేదు కదా, మరి అది ఎవరి ఉసురు?

ఏడాది తిరక్కుండా తోటని ఊళ్ళో ఉన్న తన తమ్ముడి చేత అమ్మ పేరున రాయించాడు. గడప తొక్కొద్దన్నారని తను మాత్రం వెళ్ళలేదు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. భూమి ఇచ్చాడు సరే, ఆ దోసిట్లో నీళ్ళ మాటేమిటని నా పగ ఇంకో సాకు వెతుక్కుంది.

పోయిన వేసవిలో అమ్మ చనిపోయింది. ఆయన నా దగ్గరికొచ్చి, ఆఖర్న తన గురించి ఏమైనా అందా అని అడిగాడు. ఏమీ అనలేదన్నాను. రెండోసారి నాచేత అబద్ధం ఆడించింది పగో, భయమో, నాకే తెలీదు.

అంది. నేను ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ ఆయన మాట ఎత్తేది. ఆ బాబు జావ తాగడానికి ఇంకా రాలేదేమే అని అడిగేది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇది చదువుతున్న నీకు చెప్పాను.