బిస్మిల్లా అని తొడిగిన గాజులు

నంద్యాలలో గాజుల అంగళ్ల ముందు నడుస్తుంటే, చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా వీధికి వచ్చే గాజులామె గుర్తొస్తుంది. భుజాన ఉన్న గాజుల మలారం అరుగు మీద దించి, మన చేయి తన ఒడిలోకి తీసుకుని "బిస్మిల్లా" అనేది. ఇక గాజులు ఎక్కించినంతసేపూ అప్పటికప్పుడు కట్టిన పాటేదో పాడేది. నాకు కట్టిన పాటలో ఒకసారి జొన్నకంకి ఉండేది, ఇంకోసారి పిచ్చుక.

"గాజు పగలకుండా ఎక్కాలంటే దేవుడూ ఉండాల, పాటా ఉండాల" అనేది.

మా బావ చనిపోయి, అక్క పుట్టింటికి వచ్చేసిన ఏడు కూడా ఆమె వచ్చింది. అక్క అప్పటికి నెలలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు.

"పెద్దమ్మి యాడమ్మా?" అంది గాజులామె.

"దానికింక గాజులెందుకే?" అంది మా అవ్వ.

"పుట్టినప్పుడు నల్లగాజులు నేనే తొడిగినా కదమ్మా. అప్పుడు మొగుడుండెనా? పిలువు."

అవ్వ కదల్లేదు. నేనే లోపలికి వెళ్లి అక్కను తీసుకొచ్చాను. గాజులామె ఆ చేతిని చాలాసేపు నిమిరి, బిస్మిల్లా అని పాట ఎత్తుకుంది.

"ఎండిన కొమ్మని ఎవరన్నారమ్మీ, వేరు తడి నాకు తెలుసు..."

పాడుతూనే ఏడుస్తోంది. ఒక్కొక్కటిగా పచ్చగాజులు ఎక్కించింది. అక్క చేయి దించగానే అవన్నీ జారి అరచేతి దగ్గర ఆగాయి. అంతగా చిక్కిపోయింది మా అక్క.

అక్క వాటినే చూస్తూ కూర్చుంది.

"వదులైతాండాయి చిన్నమ్మా," అంది గాజులామెతో మెల్లగా. "ఇంకా చిన్నవి ఎయ్యి."