బూట్లు విప్పిన చోట

ఒక మాట ముందే చెప్పేస్తాను, తర్వాత నన్నెవరూ అడగక్కర్లేదు. యాభై రెండేళ్ళ ఆడది, కాలేజీలో బాటనీ చెప్పే మనిషి, రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటర్లో వీడియో గేమ్ ఆడుతుందంటే నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. మా స్టాఫ్ రూములో నవ్వారు. ఆ వేళకే ఇంటికెళ్ళి సీరియల్లో అత్తగారు కోడలి పాలల్లో ఏం కలిపిందో చూసి, మర్నాడు వచ్చి నాకు చెప్పేది వాళ్ళే. నేనేం అన్నానా?

ఈ ఆట నాకు నేర్పింది మా తోటికోడలు. మా మరిది భార్య, నాకంటే ఆరేళ్ళు చిన్నది, గుడివాడలో ఉంటుంది. బందరులో నాతో మాట్లాడాలంటే జంకేవాళ్ళు చాలామందే ఉన్నారు. తను మాత్రం ఎవరితో మాట్లాడాలన్నా జంకుతుంది. కిందటేడు మార్గశిరంలో మా మావగారి తద్దినం అయిన రెండో రోజున ఆయాసంతో ఆసుపత్రిలో చేరింది. ఊపిరితిత్తులకి నెమ్ము చేరిందన్నారు. ఇంటికొచ్చాక మూడు నెలలు పొగ కూడదు, చెమ్మ కూడదు, మెట్లెక్కకూడదు అన్నారు. ఇంకేం చేస్తుంది? వాళ్ళమ్మాయి హాస్టలుకి వెళ్తూ వదిలిపెట్టిన కంప్యూటర్ ముందు కూర్చుని, అందులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసింది. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కయ్యా, నేను మంచులో చిక్కుకుపోయాను. ఒక్కదాన్నే ఉన్నాను. నువ్వు కూడా రాకూడదూ?" అంది. జ్వరం తిరగబెట్టిందనుకుని మా మరిదికి ఫోన్ చేశాను.

తర్వాత తెలిసింది, ఆట అని. ఓడ పగిలి మంచుదీవికి కొట్టుకొచ్చిన ఇద్దరు మనుషులు. తెర మూల మూడు గీతలుంటాయి: ఆకలికొకటి, దాహానికొకటి, ఒంట్లో వెచ్చదనానికొకటి. ఏ గీత అడుగంటినా చచ్చామన్నమాటే. చచ్చినవాళ్ళు మళ్ళీ లేచి వచ్చే సులువు పద్ధతి కూడా ఉంది. వద్దన్నాను. చావులేని ఆట ఆడేదానికన్నా ఆ టైముకి పేపర్లు దిద్దుకోవచ్చు. మా పద్ధతిలో ఒకసారి చస్తే ఆ మనిషి కథ అంతే, మళ్ళీ మొదటి రోజు నుంచి రావాలి.

చేపలు పట్టాం, కుందేలు చర్మాలతో కోట్లు కుట్టుకున్నాం. కుందేళ్ళని చంపే పని నాది. తను కళ్ళు మూసుకునేది. మధ్యమధ్యలో కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ, దోసకాయ పప్పులో చింతపండు ఎప్పుడు వెయ్యాలన్నదాని మీద పోట్లాడుకుంటూ అరవై రోజులు బతికాం, ఆటలో రోజులు. పాతికేళ్ళుగా తోటికోడళ్ళం. ఒకరికొకరం అంతసేపు తీరిగ్గా మాట్లాడుకున్నది అప్పుడే.

ఆ దీవి నడుమ ఒక మడుగుంది. మడుగు మధ్యలో తిప్ప, తిప్ప మీద నిలువురాళ్ళతో ఒక వలయం, వలయం లోపల నల్లగా కాలిన రాతిగుంట, చుట్టూ దుప్పి కొమ్ములు, పుర్రెలు, ఎండిన పూలు. ముసుగులు వేసుకున్న మనుషులు కొందరు పొద్దుపోయే వేళకి అక్కడికి వస్తారు. వాళ్ళు కొలిచేది ఎవరినో, బలిచ్చేది దేన్నో ఆట చెప్పదు. ఆ గుంటలో నిప్పు వెలిగిస్తే కొండలో దారి తెరుచుకుంటుంది, ఆ దారి చివర పడవ ఉంటుంది, దీవి దాటిపోవచ్చు. వెళ్ళొచ్చినవాళ్ళు ఇంటర్నెట్లో రాశారు, ఆ చోటికి వెళ్ళకపోవడమే మంచిదని. వెళ్ళకూడదన్న చోటికి నేను వెళ్ళకుండా ఉన్నదెప్పుడు?

"అక్కయ్యా, నీళ్ళు రొమ్ములోతున్నాయి," అంది తను.

"కోట్లు విప్పి సంచిలో పెట్టుకుని దిగాలట. అవతలికెళ్ళాక పొడివి తొడుక్కోవాలి."

"ఛీ! లోపలిబట్టలతోనా? మీ మరిది ఇక్కడే కూర్చుని పేపరు చదువుతున్నారు."

"ఆయనేం చూస్తాడే, అది బొమ్మ!"

"బొమ్మయితే మాత్రం? ఆడబొమ్మేగా!"

నాకూ ఎబ్బెట్టుగానే అనిపించింది, అబద్ధమెందుకు. సరేలెమ్మని కోట్లతోనే దిగి అవతలికి తేలాం. నీళ్ళోడుతూ రాళ్ళ దగ్గరికి వెళ్ళాం. ఇక్కడ జరిగింది ఎవరికి చెప్పినా నమ్మరు. వలయం బయట ఇద్దరం ఆగి బూట్లు విప్పాం. విప్పమని ఆట అడగలేదు. నేను చెప్పలేదు, తను చెప్పలేదు. ఎవరు ముందు విప్పారో కూడా గుర్తు లేదు. పుర్రెలు పెట్టుకున్న ఏ దిక్కుమాలిన కొలుపో అది, అయినా పూజ జరిగే చోటని కంటికి ఆనగానే చెయ్యి దానంతటదే బూట్ల మీదికి పోయింది. విప్పి, రెండు జతలూ పక్కపక్కన పెట్టి, మంచు మీద వట్టి కాళ్ళతో లోపలికి నడిచాం.

రాతిగుంటలో నిప్పు రాజెయ్యడానికి చాలాసేపు పడుతుంది. కట్టెలు పేర్చాను. చెకుముకి కొడుతున్నాను. గాలి. వెచ్చదనం గీత నాది సగమైంది, తనది అప్పటికే ఎర్రబడింది.

"అక్కయ్యా, నాకు కాళ్ళు కదలట్లేదు."

"ఉండు, ఇదుగో అంటుకుంటోంది."

అంటుకోలేదు. తన బొమ్మ మోకాళ్ళ మీద కూలబడి, పక్కకి ఒరిగింది. ముసుగువాళ్ళు ఆ రోజు రానే లేదు. వాళ్ళు రావలసిన అవసరం లేకపోయింది. నేను చెకుముకి పారేసి, బూట్లు చేతబట్టుకుని ఒడ్డుకి దాటి, మేం కట్టుకున్న పాకలో దూరి బతికాను.

హెడ్‌ఫోన్లో తన ఊపిరి వినపడుతోంది. ఆ ఊపిరిలో ఇంకా పిల్లికూత ఉంది. తర్వాత మెల్లిగా అంది: "తడిబట్టతో అంతసేపు నిలబడితే మనిషి చచ్చిపోతుందని ఈ ఆట చేసినవాళ్ళకి తెలుసక్కయ్యా."

అంతే అంది. పొయ్యి మీద పాలున్నాయని హెడ్‌ఫోన్లు తీసేసింది.

మా ఇంట్లో తద్దినం వంట తడిమడితో చెయ్యాలి. అంటే తెల్లవారకముందే కట్టుకున్న చీరతోనే నెత్తిన నీళ్ళు పోసుకుని, ఆ తడిచీరతోనే పొయ్యి ముందు నిలబడి, భోక్తలు విస్తళ్ళ ముందు కూర్చునేదాకా వంటంతా చెయ్యాలి. పొయ్యి సెగకి చీర ముందువైపు ఆరుతుంది, వెనకవైపు ఆరదు. పొరపాటున ఎవరైనా తగిలితే మళ్ళీ ఇంకో బకెట్టు. మిగతా ఇళ్ళల్లో మనిషి ముట్టుకోకుండా ఆరేసిన పొడిచీరతో కానిస్తారు. మా మావగారి వైపు మాత్రం తడే. ఎందుకంటే ఎవరికీ తెలీదు. గారెలు తోటికోడలి చేతిలో బాగా కుదురుతాయి కాబట్టి పదహారేళ్ళుగా వంట తనది. పెద్దకొడుకు భార్యని కాబట్టి మా ఆయన పక్కన నిలబడి, వచ్చిన బ్రాహ్మణుల కాళ్ళ మీద నీళ్ళు పొయ్యడం నాది. దానికి పట్టుచీర చాలు. తనకి తడిచీర, నాకు పట్టుచీర. కాలేజీ కమిటీలో, రైతుబజారులో, బస్సులో కండక్టరుతో, అందరితో గొంతు చించుకునే నేను పదహారు మార్గశిరాలు ఆ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "గారెలు అయ్యాయా?" అని మాత్రమే అడిగాను. తను వణకడం చూశాను. చలికాలం కదా అనుకున్నాను.

అప్పటికి మళ్ళీ తద్దినం నెల్లాళ్ళలోకి వచ్చింది. ఈసారి తను ఆ చీర తడిపితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయాసపు మందు పీల్చే గొట్టం తన హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది.

తద్దినానికి ముందురోజే గుడివాడ నుంచి తోటికోడలు వాళ్ళు మా ఇంటికి వచ్చారు, చల్లపల్లి నుంచి మా ఆడపడుచు బస్సు దిగింది. మా ఆయనకి అక్క. ఇంటి పద్ధతులన్నీ ఆవిడ గుప్పిట్లో ఉంటాయి. కాఫీ గ్లాసు ఆవిడ చేతిలో పెట్టి చెప్పేశాను.

"వదినగారూ, ఈ ఏడు తడిమడి లేదు. పొడిచీరలు నిన్ననే మేడ మీద ఆరేశాను. ఎవరూ ముట్టుకోలేదు."

"లేదంటే? ఎవరు తీసేశారు?"

"నేనే."

"మా నాన్నకి పెట్టేది నువ్వు తీసెయ్యడమేమిటమ్మా?"

"పెట్టేది తియ్యలేదు. తడి తీశాను. కిందటేడు ఈ పిల్ల ఆసుపత్రిలో పడుంటే మీరూ వచ్చి చూశారుగా."

"దానికి ముందు నుంచీ ఆయాసం ఉంది. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు చేసింది, ఆవిడకేమైంది?"

"ఏమైందో ఎవరైనా అడిగారా? కీళ్ళు పట్టేసి గోడ పట్టుకుని నడిచేవారు. నేను కాపరానికి వచ్చేటప్పటికే."

ఆవిడ మా ఆయన వైపు తిరిగింది. "ఏరా, నువ్వేమీ అనవా?"

మా ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ కళ్ళజోడు అంత శుభ్రంగా ఉన్న రోజు మరొకటి లేదు.

మాట అక్కడితో ఆగిందనుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి లేచి దొడ్లోకి వెళ్తే, కుళాయి దగ్గర మా తోటికోడలు. చీర కట్టుకునే ఉంది. ముందు నిండు బకెట్టు, చేతిలో చెంబు.

"ఏం చేస్తున్నావే?"

"ఒక్క పూటే కదక్కయ్యా. ఆవిడ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకిప్పుడు బాగానే ఉంది."

"ఆవిడ పొయ్యమందా?"

"లేదు. నేనే అనుకున్నాను."

నాకు కోపమొచ్చింది, తన మీదే. ఆడపడుచు మీద కోపమైతే సులువుగా ఉండేది. "ఆ రోజు కూడా నిన్నెవరూ విప్పమనలేదు, బూట్లు," అన్నాను.

చెంబు గాలిలో ఆగింది. "నువ్వు కూడా విప్పావుగా," అంది.

"విప్పాను. బుద్ధి లేక విప్పాను. నేను ఒడ్డుకి పారిపోయి బతికాను, నువ్వు అక్కడే పడిపోయావు. మళ్ళీ అదే చెయ్యమంటావా నన్ను? ముందు బూట్లు తొడుక్కో."

"బూట్లేమిటే?" పెరటి గుమ్మంలోంచి ఆడపడుచు గొంతు. "తద్దినం పూట ఇంట్లోకి బూట్లేమిటి?"

బకెట్టు ఎత్తి కరివేపాకు మొదట్లో గుమ్మరించాను. మొత్తం. "వదినగారూ, ఇంకో బకెట్టు నిండుతోంది," అన్నాను. "తడిచీర ఉండి తీరాలంటే మీరు రండి, మీ నాన్నగారు కదా. నేనే స్వయంగా పోస్తాను. పన్నెండు దాకా పొయ్యి దగ్గర మీరే నిలబడండి."

ఆవిడ ఆకాశం వంక చూసింది, మంచు కురుస్తోంది. పమిట భుజం చుట్టూ కప్పుకుని లోపలికెళ్ళిపోయింది. మా తోటికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

పొడిచీరతో వంట చేసింది. పురోహితుడు గారు వచ్చాక ఆడపడుచు ఆయనకి ఫిర్యాదు చేసింది. "మీ ఇంటి ఆనవాయితీ ఎలా ఉంటే అలాగేనమ్మా," అన్నారాయన. "ఇదేనండీ మా ఆనవాయితీ, ఇవాళ్టి నుంచి," అన్నాను. ఆయన దర్భలు సర్దుకోవడంలో మునిగిపోయారు. భోక్తలు తృప్తిగా తిన్నారు. ఆడపడుచు మాత్రం విస్తరి ముందు కూర్చోకుండా సంచి సర్దుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. చెయ్యనీ, మానెయ్యనీ. నేను చేసిన దాంట్లో క్షమాపణ అడగవలసింది ఒక్కటే ఉంది, అది పదహారేళ్ళు ఆలస్యం కావడం. అది అడగవలసింది ఆవిడని కాదు. మా ఆయన గారెలు నాలుగు తిని, "ఈసారి ఇంకా బాగా కుదిరాయి," అన్నారు. ఆయన చెయ్యగలిగిన తిరుగుబాటు అంతవరకే, కానీ పెద్దగానే అన్నారు, వంటింట్లోకి వినపడేలా.

ఆటలో నా మనిషి ఒంటరిగా బతికే ఉంది. దాన్ని వదిలేసి తనతో పాటు మొదటి రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ చేపలు, మళ్ళీ కుందేళ్ళు. సంక్రాంతి సెలవులు వెళ్ళి, పరీక్షలు వచ్చేవేళకి ఆ మడుగు ఒడ్డుకి చేరాం.

"మీ మరిదిని హాల్లోకి పంపించేశాను," అంది తను. "పేపరు అక్కడ చదువుకోమన్నాను."

కోట్లు, బూట్లు విప్పి సంచుల్లో వేసుకున్నాం. నాకు నవ్వొచ్చింది. పుట్టింది దివిసీమలో. వర్షాకాలం మురుగుకాలవ పొంగితే మా అమ్మా వాళ్ళూ పొడిబట్టల మూట నెత్తిన పెట్టుకుని దాటి, గట్టెక్కి కట్టుకునేవారు. అది కళ్ళారా చూసి పెరిగిన దాన్ని, మొదటిసారి కోటుతో నీళ్ళలో ఎలా దిగానో!

అవతలికెక్కి పొడికోట్లు తొడుక్కున్నాం. బూట్లు తొడుక్కున్నాం. రాళ్ళ వలయం దగ్గర తను ఆగింది.

"అక్కయ్యా, ఎవరూ లేరు కదా?"

"ఒడ్డున ముసుగువాళ్ళు వస్తున్నారు. దీపాలు కనపడుతున్నాయి."

"వాళ్ళ సంగతి సరేలే. మన ఆడపడుచుగారు లేరు కదా?"

అని, బూట్లతోనే లోపలికి అడుగుపెట్టింది. వెనకాల నేను. ఈసారి చెకుముకి తనే కొట్టింది. మూడో దెబ్బకి అంటుకుంది. కొండలో ఎక్కడో రాయి కదిలిన చప్పుడు, దారి తెరుచుకుంది.

"పద పద, పడవ దగ్గరికి," అన్నాను. "వాళ్ళు నీళ్ళలోకి దిగారు!"

తను కదల్లేదు. మంట పక్కన రెండు చేతులూ చాపి నిలబడింది. తెర మూలన తన గీత కొద్దికొద్దిగా పైకి లేస్తోంది.

"దిగనీ అక్కయ్యా," అంది. "కాస్త ఒళ్ళు వెచ్చబడనీ."